ఇరవై మూడు మంగళవారాలు

ముందు చప్పుడు వినిపించింది. ఎవరో ఎవరి వీపునో అరచేత్తో నెమ్మదిగా చరుస్తున్నట్టు. టప్, టప్. మధ్యలో ఒక దగ్గు. మళ్ళీ టప్.

కోర్టు భవనం కింద, నేలకు నాలుగు మెట్లు దిగువన ఉన్న రికార్డు గది అది. ఇనప అరల మధ్య దారి, మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టనంత ఇరుకు. ఎక్కడో పైనుంచి పలకంత వెలుతురు పడుతోంది. అందులో దుమ్ము లేచి, ఎటు పోవాలో ఎవరూ చెప్పనట్టు అక్కడే తిరుగుతోంది.

"ఎవరండీ లోపల?" అన్నాను.

"దుమ్ము పడుతుంది. అక్కడే ఉండండి," అంది గొంతు.

తర్వాత మనిషి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ముక్కుకు తువ్వాలు కట్టుకుని. పాలు తాగిన పిల్లను భుజాన వేసుకుని తేన్పించినట్టు ఒక పాత కాగితాల కట్టను భుజానికి ఆనించి చరుస్తున్నాడు. నేను వచ్చింది ఏనాటిదో ఒక దావా తీర్పు నకలు కోసం. అలాంటి పనికి వెళ్తే ఏ ఆఫీసులోనైనా మొదట వినపడే మాట వినడానికి సిద్ధపడే వచ్చాను.

"రేపు రమ్మననండీ," అన్నాడు ఆయన, నా మొహంలో అది చదివినట్టు. "ఆ మాట మానేశాను. అదిగో స్టూలు. దొరికేదాకా వెతుకుతాను."

ఆ రోజు దొరకలేదు. మర్నాడు రమ్మని ఆయన అనలేదు, నేనే వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. వెతుకుతూ, దులుపుతూ, అరల అవతలి నుంచి ఆయన చెప్పిన కథ ఇది. చాలా భాగం మనిషి కనపడకుండానే చెప్పాడు. అలా అయితేనే చెప్పగలిగాడేమో.

*

పదకొండేళ్ళు ఆయన పై అంతస్తులో బెంచి గుమస్తా. జడ్జిగారి వేదిక కిందే ఆయన బల్ల. బల్ల మీద పెద్ద డైరీ. ఏ కేసు మళ్ళీ ఏ రోజు వస్తుందో అందులో ఆయన రాసిందే రాత. జడ్జిగారు "వాయిదా" అంటారు, అంతే. ఎప్పటికి అన్నది ఆయన వేలి కింద ఉండేది. అందుకే కోర్టంతా ఆయన్ను క్యాలెండర్ గారనేవారు. ఆయనకు ఆ పేరు ఇష్టంగానే ఉండేది.

"క్యాలెండర్ గారూ, మావాడికి ఎండలు తగ్గాక ఒకటి చూడండి," అనేవాడు ఒక వకీలు.

"ఎండ మీవాడికా, మీకా?"

"ఇద్దరికీ ఒకటే గొడుగండీ."

నవ్వించినవాడికి మంచి తారీకు దొరికేది. అడిగినవాడికి అడిగింది దొరికేది. అడగనివాడికి మిగిలింది. మంగళవారాలు ఎప్పుడూ మిగిలేవి. మంగళవారం వకీళ్ళంతా ఎదుటి పెద్ద కోర్టులో ఉంటారు, అందుకని ఆ పేజీలు పంట కోసేసిన మడిలా తెల్లగా ఉండేవి. దిక్కులేని కేసుల్ని ఆయన ఆ తెల్లదనంలో నాటేవాడు.

రోజుకు అరవై కేసులు. ఒక్కొక్క దాని మీద ఆ పూట ఏం జరిగిందో రాయాలి. రాసి రాసి మణికట్టు వాచిపోయిన ఒక వేసవిలో ఆయన ఒక రబ్బరు ముద్ర చేయించాడు. 'ముద్దాయి గైర్హాజరు. వాయిదా.' బెయిలు మీద బయట తిరుగుతూ పిలిచినప్పుడు రానివాళ్ళ కోసం చేయించిన ముద్ర అది. జైల్లో ఉన్నవాణ్ణి పోలీసులు తీసుకురాకపోతే ఆ సంగతి వేరేగా, చేత్తో, రెండు వరుసలు రాయాలి. మొదట్లో అలాగే రాశాడు. తర్వాత చెయ్యి ముద్రకు అలవాటు పడింది. చేతికి ఎవరు బయట, ఎవరు లోపల అన్నది తెలియదు కదా. పాత జడ్జిగారు చూడకుండానే కింద సంతకం పెట్టేవారు.

ఆ ముద్ర పడుతూ వచ్చిన కట్టల్లో ఒకటి ఒక ప్లంబరుది. కడుతున్న మేడలోంచి నాలుగు ఇత్తడి కుళాయిలు ఎత్తుకుపోయాడని కేసు. రుజువైతే ఎక్కువలో ఎక్కువ మూడేళ్ళ శిక్ష. పూచీ ఉండేవాళ్ళు లేరు. వకీలు లేడు. రిమాండు పొడిగించే కాగితాలు జైలుకూ కోర్టుకూ వాటంతట అవే తిరిగేవి, మనిషి మాత్రం కనపడేవాడు కాదు. ప్రతి రెండు నెలలకూ కేసు వచ్చేది, బంట్రోతు వరండాలో పేరు పిలిచేవాడు, ఎవరూ పలికేవారు కాదు, ముద్ర పడేది. మళ్ళీ ఒక మంగళవారం.

ప్రతిసారీ ప్లంబరు భార్య మాత్రం వచ్చేది. ఆస్పత్రి గోడ పక్కన బండి మీద బట్టలు ఇస్త్రీ చేస్తుందామె. వస్తే వేడి గుడ్డ వాసన ముందు వచ్చేది. జనం పల్చబడ్డాక బల్ల దగ్గరికి వచ్చి, "మళ్ళీ ఎప్పుడన్నా?" అని అడిగేది. ఆయన ఒక చీటీ మీద తారీకు రాసిచ్చేవాడు. చీటీని మడిచి, కొంగున కట్టుకుని వెళ్ళేది.

ఒకసారి మాత్రం వెళ్ళలేదు.

"అన్నా, ఈసారి గురువారం వేస్తారా?"

"ఏం, మంగళవారం నీకు కుదరదా?"

"నాక్కాదన్నా, ఆయనకి..."

"ఆయనకి ఏ రోజైనా ఒకటే కదమ్మా, ఎక్కడికీ పోడు. ఇదేమన్నా సినిమా టికెట్టా, నీకు నచ్చిన ఆటకి చించి ఇవ్వడానికి?"

చుట్టూ ఉన్న ముగ్గురు వకీళ్ళు గొల్లుమన్నారు. "మొదటి ఆటా, రెండో ఆటా అమ్మా?" అన్నాడొకడు.

"ఆమె కూడా కొంచెం నవ్విందండీ," అని అరల అవతలి నుంచి ఆయన అన్నాడు. "నవ్వకపోతే మాకు కోపం వస్తుందేమోనని."

టప్, టప్ మళ్ళీ మొదలైంది.

*

ఆ గురువారం సంగతి ఆమెకు జైలు గేటు దగ్గర తెలిసింది. ముద్దాయిల్ని ఎక్కించుకుని వచ్చే పోలీసు వ్యాను ఒక్కటే. నాలుగు కోర్టులకూ అదే. ఈ కోర్టుకు గురువారం మాత్రమే వస్తుంది. ఆ ఏర్పాటు చేసిన రోజునే జైలువాళ్ళు ఉత్తరం రాశారు, ఇకనుంచి మా దగ్గర ఉన్నవాళ్ళ కేసులన్నీ గురువారానికి వెయ్యండి అని. ఒకసారి రాశాం కదా అని మళ్ళీ రాయలేదు. వకీళ్ళున్నవాళ్ళ కేసులు వకీళ్ళే అడిగి గురువారానికి మార్పించుకున్నారు. మారనిది ఒక్క ఇస్త్రీ ఆవిడ మొగుడి కేసు. ఆమె అడిగింది. ఆయన సినిమా టికెట్టు అన్నాడు.

ఆ ఉత్తరం కోర్టుకు వచ్చింది. దాన్ని అందుకున్నది ఆయనే. ఆ పూట అరవై కేసుల తొందరలో పై రెండు వరుసలు చూసి, మూల మీద ఒక గీత గీసి, 'ఇతరములు' అని రాసిన కట్టలో పడేశాడు. దేంట్లో పెట్టాలో ఎవరికీ తెలియని కాగితాలన్నీ పోయే కట్ట అది.

కొత్తగా వచ్చిన జడ్జమ్మగారికి ప్రతి కాగితం చదివే అలవాటుంది. గది తలుపు దగ్గర అర్జీల పెట్టె పెట్టించారు. అందులో ఇస్త్రీ ఆవిడ ఒక కాగితం వేసింది. ఎవరి చేత రాయించిందో, మూడే వాక్యాలు. 'శిక్ష పడినా మూడేళ్ళేనంట. లోపల పెట్టి నాలుగేళ్ళ మీద ఒక నెల అయింది. ఇంకా కేసు మొదలే పెట్టలేదు.'

జడ్జమ్మగారు కేసు పిలిపించారు. సర్కారు వకీలు కట్ట తిప్పి, లేచి నిలబడ్డాడు.

"అమ్మా, ఇందులో ఇరవై మూడు వాయిదాలున్నాయి. ఇరవై మూడింటికీ ముద్దాయి గైర్హాజరు. జైల్లో ఉంటూ ఒంట్లో బాగాలేదని కోర్టుకు రాకుండా ఎగ్గొట్టేవాళ్ళను చూస్తూనే ఉన్నాం. ఆలస్యం తను చేసుకుని, ఆలస్యమైందని వదిలెయ్యమంటే ఎలా?"

విచారణ త్వరగా జరగాలన్నది ముద్దాయి హక్కు. కానీ ఆలస్యం ముద్దాయిదే అయితే ఆ హక్కు చేతిలోంచి జారిపోతుంది. జడ్జమ్మగారు కట్టను తన వైపు తిప్పుకున్నారు. వరసగా ఇరవై మూడు ఊదా రంగు ముద్రలు. ఎందుకు రాలేదో జైలును అడగండి అన్నారు. నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. 'మేము ఫలానా తారీకున ఉత్తరం రాసి ఉన్నాము. ముద్దాయి ఎన్నడూ రానని అనలేదు.'

"ఆ ఉత్తరం మన దగ్గర ఉందేమో వెతకండి," అన్నారు జడ్జమ్మగారు క్యాలెండర్ గారితో.

వెతకడానికి ఆయనకు పది నిమిషాలు పట్టింది. ఉత్తరం మూల మీద గీత చూసుకున్నాడు. వానపాము మెలిక తిరిగినట్టుండే ఆ గీత తనదని తనకు తప్ప భూమ్మీద ఎవరికీ తెలియదు. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళాడు. రెండు రోజులు అది ఆ జేబులోనే ఉంది. చొక్కా మారినప్పుడు జేబు మారింది. చింపేస్తే ఆలస్యం ప్లంబరు నెత్తిన పడుతుంది, ఆ మనిషి ఇంకా లోపలే ఉంటాడు. ఇస్తే బయటికి వస్తాడు, కానీ ఇన్నేళ్ళూ లోపల ఎందుకున్నాడో అడుగుతారు.

"చింపేద్దామని ఒకసారి రెండు చేతులతో పట్టుకున్నానండీ. అబద్ధం ఎందుకు?"

మూడో రోజు ఇచ్చాడు. జడ్జమ్మగారు చదివి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, నిండు కోర్టులో అన్నారు, "ఎవరి పొరపాటో కానీ, నాలుగేళ్ళ కిందటి కాగితాన్ని ఇన్ని కట్టల్లోంచి వెతికి తీశారు. మీలాంటివాళ్ళు ఉండబట్టే ఈ కోర్టు నడుస్తోంది."

ఆయన తల వంచుకున్నాడు. అందరూ అది వినయం అనుకున్నారు.

ఆ గురువారమే ప్లంబరును వ్యానులో తీసుకొచ్చారు. సొంత పూచీ మీద వదిలేశారు. కేసు మాత్రం ఉంటుంది, ఇకనుంచి ప్రతి వారం నడిపి తేల్చేస్తామన్నారు జడ్జమ్మగారు. పొట్టి మనిషి. బోనులోంచి దిగి తిన్నగా గుమస్తా బల్ల దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"మీ రుణం తీర్చుకోలేనన్నగారూ."

వెనక ఇస్త్రీ ఆవిడ నిలబడి ఉంది. ఆమె దణ్ణం పెట్టలేదు. చూస్తూ ఉంది, అంతే. ఆయన ఏమన్నాడో తెలుసా? "నాదేముందయ్యా, నా డ్యూటీ నేను చేశాను," అన్నాడు.

*

అక్కడితో ఆగిపోతే బాగుండేది. ఆగలేదు. వారం తిరక్కుండా ఆదివారం పొద్దున ప్లంబరు సంచి భుజాన వేసుకుని ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

"ఇంట్లో ఏదన్నా కుళాయి కారుతుంటే చెప్పండన్నగారూ. ఊరికే కూర్చుంటే చెయ్యి తుప్పు పట్టేస్తోంది."

వంటింటి కుళాయి ఏడాదిగా కారుతోంది. ఇంటావిడ సంబరపడిపోయింది. "మా ఆయనకు ఏడాది నుంచి చెబుతున్నాను నాయనా, వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అంటారు. ఈయన ఇంట్లో కూడా వాయిదాలే!"

ప్లంబరు పకపకా నవ్వాడు. సింకు కిందకు దూరి, వెల్లకిలా పడుకుని, పానా బిగించాడు. మోకాళ్ళు మాత్రం కనపడుతున్నాయి. ఇంటావిడ టీ పెట్టడానికి స్టవ్ వెలిగించింది. ఆ మోకాళ్ళను చూస్తూ ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కడ మంగళవారం వస్తే పండగేనమ్మా," అని కింది నుంచి ప్లంబరు ఇంటావిడతో చెబుతున్నాడు. "పొద్దున్నే తలకు నీళ్ళు పోసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని గేటు దగ్గర కూర్చునేవాణ్ణి. ఇవాళ నా కేసుంది, పిలుస్తారు అని. మధ్యాహ్నం అన్నం గంట కొట్టాక చొక్కా విప్పి మడత పెట్టేవాణ్ణి. మళ్ళీ రెండు నెలలకు పనికొస్తుంది కదా."

"అయ్యో పాపం," అంది ఇంటావిడ.

"ఆ తారీకులు వేసింది నేనేనయ్యా," అన్నాడు ఆయన.

మోకాళ్ళు కదల్లేదు.

"ఆ ఉత్తరం నాకే వచ్చింది. చదవకుండా కట్టలో పడేశాను. మీ ఆవిడ గురువారం వెయ్యమని అడిగితే ఎగతాళి చేశాను. నువ్వు రాలేదని ముద్ర కొట్టింది కూడా నేనే. నువ్వు నాకు దణ్ణం పెట్టావు."

పానా తిరుగుతున్న చప్పుడు మళ్ళీ వినిపించింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. ప్లంబరు పని పూర్తి చేశాడు. బయటికి వచ్చి కుళాయి తిప్పి చూశాడు, కట్టేసి చూశాడు. చుక్క రాలేదు. పానా గుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. మొహం మీద కోపం లేదు. లెక్క తేలక మళ్ళీ మొదటినుంచి కూడుకుంటున్నవాడిలా ఉంది.

"అందుకేనా?" అన్నాడు. "మొన్న ఒక మేడ దగ్గర పనికి వెళ్తే, కేసుందట కదా, కోర్టు కాగితం చూపించు అన్నాడు మేస్త్రీ. చూపించాను. ఇరవై మూడు సార్లు కోర్టుకు ఎగనామం పెట్టినోడివి, మా పనికి సరిగ్గా వస్తావా అన్నాడు. కాగితంలో ఏదో తప్పు పడిందనుకున్నాను."

"తప్పే. నాది."

"జడ్జమ్మగారికి చెప్పారా ఈ సంగతి?"

"లేదు."

"మరి నాకెందుకు చెబుతున్నారండీ?"

అన్నగారూ అన్న పిలుపు అప్పటికే పోయింది. స్టవ్ మీద టీ పొంగి మంట మీద పడింది. ఇంటావిడ చూడలేదు.

"నేను ప్రతిసారీ తయారై కూర్చున్నాను. కాగితంలో రాలేదని ఉంది. నన్ను బయటికి తెచ్చారు సరే, ఆ కాగితంలో నేను ఇంకా పారిపోయినోణ్ణే. అది మార్చండి. మీ మాటతో నాకు పని లేదు."

టీ తాగకుండా వెళ్ళిపోయాడు. సాయంత్రం ఇంటావిడ అంట్లు తోమడానికి కుళాయి తిప్పబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. పెరటి తొట్టిలోని నీళ్ళు చెంబుతో ముంచుకుని తోముకుంది.

*

సోమవారం ఆయన ఒక కాగితం రాసుకుని జడ్జమ్మగారి గదికి వెళ్ళాడు. ఆమె రెండుసార్లు చదివారు.

"ఆ రోజు నేను మిమ్మల్ని అందరి ముందూ మెచ్చుకున్నాను."

"అవునండీ."

"అప్పుడెందుకు ఊరుకున్నారు?"

"వినడానికి బాగుందండీ."

ఆమె ఆ కాగితాన్ని మడిచి ప్లంబరు కేసు కట్టలో పెట్టారు. తిడతారని ఆయన చాలాసేపు నిలబడ్డాడు. గురువారం ఆ కేసు పిలిచినప్పుడు, కట్టను ఆయన ముందు పెట్టించి, అక్కడే, అందరి ముందూ దిద్దమన్నారు. ప్రతి ముద్ర పక్కనా ఎర్ర సిరాతో, చేత్తో. 'ఈ రోజు ముద్దాయి జైల్లో ఉన్నాడు. తీసుకురాలేదు. తీసుకురావడానికి వీల్లేని రోజున వాయిదా వేసినది నేను.' కింద సంతకం, గీత కాదు, పూర్తి పేరు. ఇరవై మూడు సార్లు. మధ్యలో చెయ్యి పట్టేసింది. గొడుగు వకీలు గోడ మీద గడియారం చూస్తూ కూర్చున్నాడు. ప్లంబరు బోనులో నిలబడి ప్రతి వరుసనూ చూశాడు. చదువు అంతగా రాదు, వరసలు లెక్కపెట్టాడు.

అయిపోయాక కలం మూత పెడుతుంటే ఇస్త్రీ ఆవిడ బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నా, చెయ్యి నొప్పి పుట్టిందా?"

అది జాలో దెప్పడమో ఆయనకు ఇప్పటికీ తెలియదు. జవాబు చెప్పేలోపు ఆమె వెళ్ళిపోయింది.

నెలాఖరుకు ఒక మెమో, దాని వెనకే కింది గదికి బదిలీ. ఇక్కడ ఎవరికీ తారీకులు ఇవ్వనక్కర్లేదు. అన్నీ అయిపోయిన కేసులే. పైనుంచి బంట్రోతులు కట్టలు తెచ్చి పడేసేటప్పుడు ఇప్పటికీ "క్యాలెండర్ గారూ" అంటారు. ఆయన పలుకుతాడు. పలికే ముందు ఒక్క క్షణం ఆగుతాడు.

నా దావా తీర్పు ఐదో రోజున దొరికింది, ఉండకూడని అరలో, ఎలుకలు ఒక మూల కొరికి. ఆయన దాన్ని చరిచి, దులిపి, ఒళ్ళో పెట్టుకుని పేజీలు సరిచేసి నా చేతికిచ్చాడు. లేవబోతూ అడిగాను, ప్లంబరు కేసు ఏమైందని.

"నడుస్తోందండీ. ప్రతి గురువారం ఉంటుంది. ఇంకో ఇద్దరు సాక్షులైతే అయిపోతుంది," అన్నాడు ఆయన, తువ్వాలు ముక్కు మీద నుంచి కిందకు లాగి. మొదటిసారి ఆయన మొహం పూర్తిగా చూశాను. "నేను పైకి వెళ్ళను. నన్ను చూస్తే ఆయన మొహం తిప్పుకుంటాడు, తిప్పుకోవాల్సిందే. మెట్ల మొదట్లో నిలబడతాను. బంట్రోతు పేరు పిలుస్తాడు. ఆయన 'ఉన్నానండీ' అంటాడు, గట్టిగా, వరండా అంతా మోగేలా. ఆ ఇరవై మూడు మంగళవారాలూ అక్కడ గేటు దగ్గర కూర్చుని అలాగే అని ఉంటాడు కదండీ. నాకే వినపడలేదు."